మందలు ఊళ్లో ఉండని నెలలు

భువనగిరి,
మంగళవారం.

అక్క బాలమణికి చెల్లె సుజాత దండాలు.

మీ గొర్రెల సంఘానికి మందుల గది ఇవ్వాలా వద్దా అని చూడడానికి ఉగాది దాటాక డబ్బిచ్చే సంస్థవాళ్లు మన ఊరికి వస్తారు. వాళ్లు రాకముందే సంఘానికి ఒక విషయం తెలియాలి. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడు రాస్తున్నాను. మీ కోసం నేను రాసిన ప్రతిపాదనలో ఒక అబద్ధం ఉంది. అది నేను తెలిసి రాసిందే. ఫోన్లో చెబితే నువ్వు నవ్వి పోనీలే అంటావు, నేనూ ఊరుకుంటాను. కాగితమైతే సంఘం కూర్చున్న రోజు అందరికీ చదివి వినిపించగలవు.

ముందు మీ బాగోగులు రాయి. బాపు మోకాళ్ల నొప్పి తగ్గిందా? మక్తల్ దవాఖానలో ఇచ్చిన మాత్రలు అన్నం తిన్నాకే వేసుకుంటున్నాడా? బావ మందతో కృష్ణ ఒడ్డుకు చేరాడని విన్నాను. అక్కడ మేత ఎలా ఉందట?

నేను బాగానే ఉన్నాను, నా గురించి ఫికరు పెట్టుకోకు. ఇక్కడ ఎండలు ముదిరాయి. ఖిల్లా గుట్ట మొత్తం ఒకటే రాయి కదా, పగలంతా కాగి సాయంత్రానికి ఊరి మీదికి సెగ వదులుతుంది. వచ్చి నాలుగేళ్లు కావస్తున్నా ఈ నీళ్లు నా నోటికి పట్టలేదు. మొన్న బజారులో జొన్నపిండి కొని రొట్టె తడితే అంచులన్నీ పగిలిపోయాయి. ఇటు ఎవరైనా వస్తుంటే మన పిండి రెండు కిలోలు, కొంచెం పుంటికూర తొక్కు పంపించు.

నేను కిరాయికి ఉన్న ఇంట్లో కింది గదిలో ఇంటామె ఉంటుంది. పెద్దావిడ, అందరూ అవ్వ అంటారు. నేను ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే రోజూ "తిన్నవా బిడ్డా" అని అడుగుతుంది. తిన్నా తినకపోయినా "తిన్న అవ్వా" అంటాను. ఆమె తృప్తిగా లోపలికి పోతుంది. అబద్ధం చెప్పానని నాకు అనిపించదు. ఈ మధ్య చాలా వాటికి నాకేమీ అనిపించడం లేదు. జబ్బు కాదు, నిద్ర పడుతోంది, పని జరుగుతోంది. భయపడకు.

నా పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. ఒక ఊరికి బడి గదో పాల కేంద్రమో కావాలనుకో. అది ఎందుకు కావాలో, ఎవరికి పనికొస్తుందో, ఎంతకాలం నిలుస్తుందో ఇచ్చేవాళ్లు నమ్మేలా రాసిపెట్టాలి. దాన్నే ప్రతిపాదన అంటారు. నేను రాసినవి చాలావరకు మంజూరవుతాయి. కొత్తగా చేరినవాళ్లకు నేర్పేదీ నేనే. రాసిన ప్రతి వాక్యానికీ వేలుపెట్టి చూపించగల ఆధారం ఉండాలని వాళ్లకు మొదటి రోజే చెబుతాను.

మీ సంగతి రాసేటప్పుడు నిన్ను ఫోన్లో అడిగాను కదా. నీ జవాబు నా నోటుబుక్కులో నీ మాటల్లోనే ఉంది. "జొన్న కోసుడు అయినంక మందలు కృష్ణ ఒడ్డుకు పోతయ్. తొలకరి పడ్డంక తిరిగొస్తయ్. రాంగనే అన్నిటికీ ఒక్కపారే రోగాలు తగుల్తయ్. గప్పుడు మందుకు మక్తల్ దాంక ఉరుకుడే."

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. జీవాలు ఏడాది పొడవునా గ్రామంలోనే ఉంటాయా అని. ఉండవని రాస్తే దాన్ని అక్కడికే పక్కన పెడతారని మా సారు చెప్పాడు. నేను "ఉంటాయి" అని రాశాను. అవ్వకు తిన్నానని చెప్పినంత తేలిగ్గా రాశాను. ఆ మాట నిలబడాలంటే నీ నాలుగు వాక్యాలూ అడ్డం వచ్చాయి, తీసేశాను.

మొదటి విడతలో మన ఊరు ఎంపికైందని తెలిసిన రోజు ఆఫీసులో మిఠాయి పంచారు. నాకు సంతోషం కలగలేదు, దిగులూ కలగలేదు. చేతిలో పెట్టిన ముక్క తిని తరువాతి ఫైలు తెరిచాను.

సంస్థవాళ్లు ఎప్పుడొస్తారో చెప్పడానికి నీకు ఫోన్ చేశాను. మందలు ఊళ్లోనే ఉంటాయని రాశాను, అప్పటికి ఉండవు కదా అని నసిగాను. నువ్వు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మల్లవ్వ గొర్లు ఏడికీ పోలే గదనే. ఒక్క పూట మా దొడ్లెకు తోలిపిస్త. గొర్రె మీద పేరు రాసుంటదా?"

వాళ్లు గొర్రెల గురించి ఏమైనా అడిగితే ఎలా అన్నాను.

"అడిగితే మే అంటయ్ తియ్."

ఇద్దరం నవ్వాం. తరువాత నువ్వు గొంతు తగ్గించి, "గది రాకుంటే మానె, నీ నౌకరికేం గాకూడదు" అన్నావు. నా కాగితంలోని అబద్ధానికి నువ్వు గొర్రెలు అరువు తెచ్చి కాపలా కాయడానికి సిద్ధపడ్డావు. అంతలో బాపు ఫోన్ తీసుకున్నాడు.

"బిడ్డా, గా కాగితంల నా మంద ఏడున్నదని రాసినవ్?"

"ఊళ్లనే ఉన్నదని రాసిన బాపూ."

ఆయన వెంటనే ఫోన్ నీకు ఇచ్చేశాడు. తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో.

మన చిన్నప్పుడు ఎరువు కోసం పొలంలో మంద పెట్టించుకునే రైతులను అడగడానికి బాపు వెళ్లేవాడు, గుర్తుందా? ఒకటి రెండుసార్లు నేనూ వెంట వెళ్లాను. మిగతావాళ్లు తమ మంద గొప్ప చెప్పుకునేవాళ్లు. బాపు నిలబడగానే, "రెండు కుంటివున్నయ్ పటేలా. ఒకటి కంచె దుంకుతది. కట్టేస్త గని తెంపుకున్నా తెంపుకుంటది. చూసుకొని చెప్పు" అనేవాడు. మంద పెట్టమని అడగడానికి వచ్చావా, వద్దనమని చెప్పడానికి వచ్చావా అని ఆ రైతు నవ్వేవాడు. మరుసటి ఏడాది మాత్రం ఆయనే ముందుగా కబురు పంపేవాడు. ఇన్నేళ్లుగా ప్రతిపాదనలు రాస్తూ, రాయడం నేర్పుతూ నేను ఈ సంగతి ఒక్కసారి కూడా తలచుకోలేదు.

నిన్న సంస్థకు సవరణ లేఖ పంపాను. మందలు ఎప్పుడు వెళతాయో, ఏ దారిన వెళతాయో, ఎప్పుడు తిరిగొస్తాయో రాశాను. నువ్వు చెప్పిన నాలుగు వాక్యాలూ తిరిగి పెట్టాను. పెడుతుంటే తెలిసింది, మందుల గది ఎందుకు కావాలన్న దానికి అసలు జవాబు వాటిలోనే ఉంది. నేను కొట్టేసింది దాన్నే. మా సారు లేఖ చదివి, "ఆఫీసు పేరు మీద వద్దు, మీ పేరు మీద పంపండి" అన్నాడు. అలాగే పంపాను. ఇక్కడ నాకేమైనా అయితే అప్పుడు రాస్తాను, ముందుగా ఊహించుకోకు.

నువ్వు చేయవలసింది కొంచెమే. మల్లవ్వను గొర్రెలు అడగొద్దు. దొడ్డి ఊడవొద్దు. ఎండిన పెంట, కంచెకు చిక్కుకున్న బొచ్చు, గొర్రెల ఒరిపిడికి నున్నబడిన గుంజలు ఉన్నవి ఉన్నట్టే ఉండనీ. మంద అక్కడ బతికిందనడానికి అవే ఆధారం. వాళ్లు అడిగితే నాతో చెప్పినట్టే చెప్పు, సొంపుగా చెప్పాలని చూడకు. ముందు రాసింది తప్పని, ఆ తప్పు సంఘానిది కాదని, నాదని కూడా చెప్పు. ఈ ఉత్తరం చదివేటప్పుడు నా తరఫున సంఘం వాళ్లందరినీ క్షమించమని అడుగు.

ఈ సాయంత్రం అవ్వ ఎప్పటిలాగే అడిగింది. "ఇంకా తినలే అవ్వా" అన్నాను. ఆమె లోపలి నుంచి పప్పన్నం తెచ్చి మెట్ల మీదే కూర్చోబెట్టి తినిపించింది. ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఆ సంగతి నాకు తెలిసింది, అక్కా. చాలా రోజులకు తెలిసింది.

మీ అత్తమ్మకు దండాలు చెప్పు. బావతో మాట్లాడినప్పుడు నేను అడిగానని చెప్పు. బాపు కాళ్లకు నా బదులు నువ్వే మొక్కి, ఆయన మంద ఎక్కడుందో ఇప్పుడు సరిగానే రాశానని చెప్పు. ఆయన చేయి నా తల మీద ఉంటే చాలు.

సవరణ చూశాక సంస్థవాళ్లు మన ఊరికి వస్తారో లేదో నాకు తెలియదు. వచ్చినా, ఖాళీ దొడ్డి చూసి గది ఇస్తారో లేదో తెలియదు.

నీ చెల్లె,
సుజాత