శనివారం ఆట, శుక్రవారం వంట

శుక్రవారం రాత్రి, హఫర్ అల్ బాతిన్, సౌదీ

ఈ మనుషులతో వేగడం నా వల్ల కాదు. ఉన్న ఒక్క సెలవు శుక్రవారం. వచ్చే వారం ఆ రోజు కూడా పనికి రమ్మన్నాడు ఫోర్‌మన్. గదిలోని ఆరుగురం కలిసి రామని చెబుదామన్నాను. ధైర్యం రావాలని, బంతిని చేత్తో పట్టుకుని కూడా పరుగెత్తే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో తొలినాటి ఆటగాడి మీద ఉన్న చిన్న పుస్తకం చదివి వినిపించాను. అతనూ మాలాగే తాపీ మేస్త్రీ. శనివారం ఒక పూట సెలవు కోసం తోటివాళ్లతో కలిసి పని ఆపాడు, గెలిచాడు, మోకాలు విరిగేదాకా ఆడాడు.

"బంతిని చేతుల వట్టుకొని ఉరికితే అది ఫుట్‌బాల్ ఎట్లయితదిరా?" అన్నాడు రాజన్న. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

గదిలో పెద్దవాడు గంగారాం కాక. ఆయన ఊ అంటే అందరూ ఊ అంటారు. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ అడిగాడు: "ఆయన ఆటకు వోతే ఇంట్ల పని ఎవలు జేసిండ్రు బిడ్డా?"

అది పుస్తకంలో లేదని విసుక్కున్నాను. మళ్లీ రెండుసార్లు వెతికాను. నిజంగానే లేదు. భార్య పేరు కూడా లేదు.

కాక ఇంకా ఊ అనలేదు. పడుకోబోతూ చూస్తే, గోడ మీది వంట వంతుల కాగితంలో ఈరోజు నా పేరే ఉంది. వండింది మాత్రం కాక. రేపు ఆయన్ని ఏ మొహం పెట్టుకుని మళ్లీ అడగాలి...