చివరి పేజీలో చిరునామాలున్న పుస్తకాలు

టోక్యో నగరం, తొషిమ వార్డు, జోషిగయాలో తనిగుచి భవనం మూడో అంతస్తులో కాపురముంటున్న హొరిగొమె ఫుమియొ అనే నేను, డెబ్బై మూడేళ్లు నిండిన అవివాహితను, నా చెయ్యి ఇంకా వణకకుండా ఉండగానే, చాలామంది ఒత్తిడి చేసినా ఎవరికీ లొంగకుండా, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. అనుమానమున్నవాళ్లు ఏ అనిమే, అంటే మా కార్టూన్ ధారావాహిక, ఏ సంవత్సరం ఎందుకు మధ్యలో ఆగిపోయిందో నన్ను అడిగి చూసుకోవచ్చు. వసంతం దాకా ఉంటానని డాక్టరు అన్నారు. ఆయన మొహమాటస్తుడు కాబట్టి నేను అంతకన్నా ముందే అనుకుంటున్నాను.

చట్టం ప్రకారం చేతిరాత, తేదీ, ముద్ర ఉంటే చాలు, సాక్షులు అక్కర్లేదు. అయినా ఇద్దరి చేత సంతకం పెట్టిస్తున్నాను. నా మేనల్లుడి సంగతి నాకు తెలుసు.

1. ఈ వీలునామా అమలు బాధ్యత న్యాయవాది ఇసొబె గారిది. మాంగా అంటే పిల్లలు చదివే బొమ్మల కథలని ఆయన ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆ అమాయకత్వమే ఆయనలో నాకు నచ్చింది. ఈ పనికి ఒప్పుకున్నందుకు ఇప్పటికే పశ్చాత్తాపపడుతున్నారని ముఖం చూస్తే తెలుస్తోంది.

2. నా ఈ ఇల్లు, ఇంట్లోని సామాను, బ్యాంకులో ఉన్నది, ~~లోపలి గదీ అందులో ఉన్న సమస్తమూ మినహాయించి~~, కీర్తిశేషుడైన నా తమ్ముడి కొడుకు హొరిగొమె యసుకికి దఖలు పరుస్తున్నాను. మేనల్లుడికి చట్టప్రకారం తప్పనిసరి వాటా ఏదీ లేదని ఇసొబె గారు రెండుసార్లు చదివి వినిపించారు. రెండోసారి నేనే అడిగి చదివించుకున్నాను. ఇది పూర్తిగా మా తమ్ముడి ముఖం చూసి ఇస్తున్నదని యసుకి గుర్తుపెట్టుకోవాలి.

3. నా మరదలు నొరియెకు, అంటే పై యసుకి తల్లికి, ఎనిమిది టాయిలెట్ కాగితం చుట్టలు. వాసన లేనివి, రంగు లేనివి, బజారులో దొరికే వాటిలో అన్నిటికన్నా గరుకువి. కారణం ఆవిడకు తెలుసు, మిగిలినవాళ్ల కోసం రాస్తున్నాను. నేను అపెండిక్సు ఆపరేషన్‌కు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పాత కాగితాలు తీసుకుని టాయిలెట్ కాగితం ఇచ్చే బండి వీధిలోకి వస్తే, నా మూడు పెట్టెల అభిమాన పుస్తకాలను ఆవిడ ఆ బండికి వేసేసింది. నా స్నేహితురాళ్లు రాత్రింబవళ్లు గీసి, సొంత డబ్బుతో అచ్చు వేసుకున్న పుస్తకాలు అవి. నేను అడిగితే, "ఆ అసహ్యం ఇంట్లో ఉంటే పిల్లాడి కంట పడదా వదినా? పైగా చుట్టలు మెత్తనివి ఇచ్చాడు" అంది. ఆ మెత్తదనం నేను ఈ రోజు వరకూ మరచిపోలేదు. ఆవిడకు నచ్చిన చుట్టలే ఇస్తున్నాను, మెత్తదనం మాత్రం మినహాయించి.

4. నేను నలభై ఏళ్లు కూర్చుని, దిద్ది, పెంచి, ఏడు ముద్రణలకు తెచ్చిన 'అభిమాన లోక కరదీపిక' అనే పదకోశం సర్వహక్కులూ కవగొయె నివాసి, పరుపుల దుకాణం యజమానురాలు నుకుయి తమాయెకు చెందుతాయి. మొదటి రెండు ముద్రణల్లో ఆమె నా సహ సంకలనకర్త. షరతు ఒక్కటే. 'జంట పేర్లు' అనే పదం కింద నేనిచ్చిన ఉదాహరణను మార్చకూడదు. ఎందుకో ఐదో అంశంలో వస్తుంది.

కరదీపిక గురించి మరొక మాట. 'ఊబి' అనే పదం కింద నేను ఒకప్పుడు ఇలా రాశాను: ఒక కథలో కాలు పెట్టి, తీయలేక, తీయాలని కూడా అనిపించక, మునిగిపోవడం. ఇప్పుడు ఆ మాటను శీతల పానీయాల సీసాల మీద వేస్తున్నారు. మనం మనసిచ్చి మోసే పాత్రను 'ఓషి' అంటాం కదా, ఇప్పుడు బ్యాంకుకు ఒక ఓషి, వార్డు ఆఫీసులో పన్ను కట్టించుకునే కిటికీకి ఒక ఓషి. పోయిన నెల దంతవైద్యుడి దగ్గర కూడా చూశాను, ఒక పెద్ద కళ్ల దంతం బొమ్మ, కింద 'మా ఓషి' అని. మమ్మల్ని చూసి ముక్కు మూసుకున్నవాళ్లే ఇప్పుడు మా మాటలను అద్దెకు తిప్పుకుంటున్నారు. ఎనిమిదో ముద్రణలో ఓషికి పన్నెండు పేజీలు, రంగుల్లో కావాలని ప్రచురణకర్తలు అడిగారు. నాలుగు పంక్తులు ఉన్నాయి, నాలుగే ఉంటాయి.

5. ఇక లోపలి గది. ఈ వీలునామా రాయడమే ఈ గది కోసం.

ఆరు చాపలు పరిచేంత ఆ గదిలో నా యవ్వనం నుంచి పోగైన అభిమాన పుస్తకాలున్నాయి. అవి గీసినవాళ్లందరూ ఆడవాళ్లు, మారుపేర్లు పెట్టుకున్నవాళ్లు. ఏదైనా మాంగా కథలో ఇద్దరు మగవాళ్లు ఒకరి వైపు ఒకరు రెండు క్షణాలు ఎక్కువ చూసుకుంటే చాలు, ఆ మిగిలిన కథ తామే గీసేవాళ్లు. అప్పట్లో పుస్తకం కావాలంటే తపాలా బిళ్లలు పెట్టి గీసినావిడకే ఉత్తరం రాయాలి. అందుకని ప్రతి పుస్తకం చివరి పేజీలో ఆవిడ అసలు పేరు, ఇంటి నంబరు, కొన్నిటిలో నాన్నగారి ఫోను నంబరు కూడా అచ్చయ్యాయి. అప్పుడు అందులో భయమేమీ లేదు. చదివేది మేమే, రాసేది మేమే.

పోయిన వేసవిలో ప్రచురణాలయం నుంచి ఒకుత్సు అనే కుర్ర సంపాదకుడు చెస్ట్‌నట్ కేకు పట్టుకుని వచ్చాడు. పక్కన నా మేనల్లుడు, నాకన్నా ముందే అతనికి ఇంట్లో తొడుక్కునే చెప్పులందిస్తూ. ఒకుత్సు ఒక పుస్తకం తీసి, బొమ్మలు చూడకుండా, నేరుగా చివరి పేజీ తిప్పాడు. "అసలు నిధి ఇదేనండీ. ఈ ఆడవాళ్లు ఇప్పుడు అరవైల్లో ఉంటారు కదా, ఉండగానే పట్టుకుని మాట్లాడిద్దాం. ఈ పేజీలు ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేసేద్దాం. చరిత్ర కదండీ" అన్నాడు. చేతికి కేకు క్రీము ఉంది. ఆ చేత్తోనే తిప్పాడు.

వాళ్లెవరూ అది కోరుకోలేదని చెప్పాను. యసుకి నవ్వి, "అత్తయ్యా, నలభై ఏళ్ల కిందటి బొమ్మలకు ఇప్పుడెవరు సిగ్గుపడతారు? అందరూ సంతోషిస్తారు. నీ తరువాత ఈ చెత్త ఎవరు మొయ్యాలి, చెప్పు" అన్నాడు. చెత్త అన్న నోటితోనే, నేను పోయాక గది మొత్తం అప్పగిస్తానని ఒకుత్సుతో ఒప్పందం రాసుకున్నాడని ఇసొబె గారి ద్వారా తరువాత తెలిసింది. నేను బతికుండగా, నా గదిని, నా చావు తేదీ దగ్గర ఖాళీ వదిలి రాసుకున్నారు.

ఎవరు సిగ్గుపడతారో యసుకికి చెప్తున్నాను, వినాలి. నీగాత ప్రాంతంలో ఒక స్కూలు ఉపప్రధానోపాధ్యాయురాలు ఉండేది. ఆవిడ మారుపేరు 'మంచు ఉల్లి'. ఎవరో ఆవిడ పాత పుస్తకాన్ని నెట్టులో వేలానికి పెట్టి, చివరి పేజీని ఫోటో తీసి చూపించారు. ఊరు చిన్నది, ఇంటిపేరు అరుదైనది. టీచర్ల గదిలో ఆ ఫోటో చేతులు మారింది. నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. "ఫుమియొ గారూ, నేనేం తప్పు చేశానండీ, ఇరవై ఏళ్లప్పుడు ఇద్దరు మగవాళ్ల బొమ్మ గీశాను, అంతేగా" అంది. ఆవిడ ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఫోన్ తీయదు. ఆ గదిలో ఇలాంటి పేర్లు వందల్లో ఉన్నాయి. ఒకావిడ ఒక గుడి పూజారి భార్య. ఒకావిడ ఈ సంగతి మొగుడికి తెలియకుండానే పోయింది.

మా లోకంలో ప్రతి ఆడదానికీ ఒక ఒడంబడిక ఉంటుంది. ఇద్దరు స్నేహితురాళ్లలో ఎవరు ముందు పోతే, రెండోది వచ్చి, బంధువులు తలుపు తీసేలోపు గది ఖాళీ చేయాలి. నాకూ తమాయెకూ ఆ ఒడంబడిక ఉంది. ఇద్దరం ఇరవైలలో ఉండగా, ఒక నూడిల్స్ కొట్లో, గిన్నెలు ఖాళీ అయ్యాక అనుకున్నాం.

తరువాత గొడవ వచ్చింది. బయటివాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది, ఉండనివ్వండి. మా లోకంలో ప్రేమజంట పేర్లను కలిపి రాసేటప్పుడు ముందు పేరువాడు చొరవ చేసేవాడు, వెనక పేరువాడు లొంగేవాడు. తిప్పి రాస్తే అది వేరే జంట, వేరే కథ, వేరే లోకం. ఒక పాత నౌకాయాన ధారావాహికలో కెప్టెనూ వంటవాడూ ఉండేవారు. నాకు కెప్టెన్–వంటవాడు. తమాయెకు వంటవాడు–కెప్టెన్. పదేళ్లు సర్దుకున్నాం. కరదీపిక మూడో ముద్రణకు నేను చివరి ప్రూఫు దిద్ది ఇచ్చాక, అచ్చుకు తీసుకెళ్లే దారిలో, తమాయె 'జంట పేర్లు' కింద ఉదాహరణను తిప్పేసింది. పుస్తకం చేతికొచ్చాక చూశాను. వంటవాడు–కెప్టెన్! ఆ పొట్టి వంటవాడు, నిచ్చెన వేసుకుంటే గానీ కెప్టెన్ గడ్డం అందనివాడు! నాలుగో ముద్రణలో సరిచేశాను, కవరు మీంచి ఆమె పేరు తీసేశాను. ముప్పై ఏళ్లుగా మాకు మాటల్లేవు. ఈ విషయంలో నాది తప్పని నేను ఇప్పుడూ అనుకోవడం లేదు.

~~అయినా గది తాళం నుకుయి తమాయెకే ఇవ్వాలి. నా ప్రాణం పోయిన కబురు యసుకికన్నా ముందు ఆమెకే చేరాలి. పుస్తకాలను ఆమె దాచుకుంటుందో, కాల్చేస్తుందో ఆమె ఇష్టం.~~ ఆమె వస్తుందో రాదో నాకు తెలియదు. నేను ఫోన్ చేయడానికి నోరు రావడం లేదు. ఇసొబె గారు రేపు స్వయంగా కవగొయె వెళ్లి అడిగి రావాలి. ఆమె రానంటే ఆ గది పేర్లకు ఇంకెవరూ దిక్కు లేరు.

6. నా ఊదారంగు ఉన్ని శాలువా 'ఉప్పుచేప' గారికి. మా అభిమాన పుస్తకాలు అమ్మే వేసవి సంతలో, సముద్రపు ఒడ్డున ఎండలో, క్యూలో ఎన్నో ఏళ్లు నా వెనకే నిలబడి ఉప్పు అన్నపు ముద్దలు పంచుకున్న మనిషి. చలికాలపు సంతలో ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. అసలు పేరు రాయనిదే చెల్లదని ఇసొబె గారు అంటున్నారు. నాకు తెలియదు. మాలో అసలు పేరు అడగడం కన్నా అసహ్యకరమైన పని లేదు. ఆయన డిసెంబరు చివర సంతకు వెళ్లి క్యూలో నిలబడితే ఆవిడే కనిపిస్తుంది. వెచ్చని మేజోళ్లు వేసుకుని వెళ్లమని మనవి.

7. అచ్చు యంత్రం నడిపిన షిమొకవ గారికి నేను నానబెట్టిన రేగుపండ్ల మద్యం జాడీ. మా పుస్తకాలు అచ్చు వేస్తూ ఆయన ఏనాడూ ఒక పేజీ చూడలేదు. మొహం గోడకు తిప్పుకుని కాగితాలు లెక్కపెట్టేవారు. అలాంటి మర్యాద మళ్లీ చూడలేదు.

8. నా అంత్యక్రియల్లో ఒకుత్సు మాట్లాడకూడదు. మాట్లాడితే ఇసొబె గారు అగరొత్తులు ఆర్పేసి అందరినీ ఇంటికి పంపించాలి.

పైవన్నీ రేవా శకం ఆరో సంవత్సరం, అంటే 2024, నవంబరు పద్నాలుగున రాశాను.

సవరణ. ఇసొబె గారు మర్నాడు కవగొయె వెళ్లారు. తమాయె అంతా విని ఒక్కటే అడిగిందట, "ఇంకా బతికే ఉందా?" అని. ఉన్నారన్నారట. ఆదివారం పొద్దున్నే ఆమె తన దుకాణం వ్యానుతో, కొడుకుతో, పరుపుల గలీబుల కట్టలతో ఇక్కడికి వచ్చింది. పలకరింపు లేదు. చెప్పులు విడిచి లోపలి గదిలోకి వెళ్లి, "ఎంత దుమ్ము పెట్టుకున్నావే" అంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

కాల్చేద్దామని నేనన్నాను. ఆమె నా వైపు అసహ్యంగా చూసింది. గీసిన చేతులను కాలుస్తామా అంది. దుకాణం వెనక గదిలో కూర్చుని, అన్నం మెతుకుల జిగురుతో, ప్రతి పుస్తకం చివరి పేజీలో పేరూ చిరునామా మీద తెల్ల కాగితం అంటిస్తానంది. ఒక్క పేజీ కూడా చింపదు. తన తరువాత ఆ పని పూర్తి చేయడానికి కోడలు ఉందట, ఆ పిల్ల కూడా మన లోకానిదేనట. పుస్తకాలన్నీ గలీబుల్లో దూర్చి పరుపుల్లాగే కిందికి మోశారు. వీధిలో ఎవరూ తల తిప్పి చూడలేదు.

మధ్యాహ్నం మూడో ముద్రణ ఆమె చేతికి తగిలింది. తెరిచింది. ఇక మొదలైంది. నిచ్చెన సంగతి నేనెత్తాను, కెప్టెన్ తాగి ఏడ్చిన అధ్యాయం ఆమె ఎత్తింది. అరుపులకు దొంగలు పడ్డారనుకుని కింద నుంచి భవనం పర్యవేక్షకురాలు ఉరియు గారు చీపురుతో పైకొచ్చారు. ఎలాగూ వచ్చారు కదా అని ఆవిడను సాక్షిగా ఉండమని అడిగాను. నాలుగో అంశంలోని షరతు తనకు ఒప్పుదల కాదని తమాయె ఆవిడ ముందే చెప్పింది. షరతు అలాగే ఉంచాను.

వెళ్లేటప్పుడు అడిగాను, పోయాక కదా రావలసింది, ముందే ఎందుకొచ్చావు అని. ఆఖరి మూట ముడి వేస్తూ, తలెత్తకుండా అంది: "నువ్వు పోయాక వస్తే ఆ వంటవాడి సంగతి నేనెవరితో తేల్చుకోవాలే?"

కనుక ఐదో అంశంలో తాళం, కబురు, పుస్తకాల గురించిన వాక్యాలు రద్దు. రెండో అంశంలో 'లోపలి గదీ అందులో ఉన్న సమస్తమూ మినహాయించి' అన్న మాటలు కొట్టివేశాను, రెండు చోట్లా ముద్ర వేశాను. ఆ గది కూడా యసుకిదే. అందులో ఇప్పుడు చాపలూ ఒక బల్బూ ఉన్నాయి. ఒకుత్సుతో అతను చేసుకున్న ఒప్పందానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

తమాయె వచ్చే ఆదివారం మళ్లీ వస్తానంది. ఈలోగా నన్ను పోవద్దంది.

రేవా ఆరో సంవత్సరం, నవంబరు పద్దెనిమిది, సోమవారం.

హొరిగొమె ఫుమియొ
(చేవ్రాలు, ముద్ర)

సాక్షులు:
ఉరియు చికకొ, తనిగుచి భవనం పర్యవేక్షకురాలు
వకిసక కింజి, కింది అంతస్తు లాండ్రీ యజమాని