వాకిట్లో కంచం

ప్రత్తిపాడు,
11 మార్చి 2004.

డాక్టరు గారికి నమస్కారాలు.

మా అబ్బాయి నెహెమ్యా, కోడలు సువార్త మీ పరిశోధనకు రక్తమిచ్చారు. గుంటూరులో కొత్తగా హెచ్‌ఐవీ బయటపడ్డవాళ్లలో ఆ వైరస్ ఎన్ని రకాలుగా ఉందో చూస్తున్నారని విని, జబ్బు కోడలి నుంచే వచ్చిందని కాగితం రాసివ్వమని మిమ్మల్ని అడిగాను. ఇద్దరిదీ ఒకే రకమన్నారు. ఇక్కడ చాలామందిదీ అదేనట. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో దాన్నిబట్టి చెప్పలేమన్నారు. అయినా వినకుండా మూడుసార్లు వచ్చి విసిగించాను, క్షమించండి. ఇక తిరిగే ఓపిక లేదు. ఆ కాగితం వద్దు.

నిన్న సువార్త మిరపకాయల తొడిమలు తీసే పనినుంచి వచ్చి, మండుతున్న చేతులతోనే మా అబ్బాయికి గంజి కాచింది. తర్వాత వాకిట్లో తన సత్తు కంచం కడుక్కుంటూ, "అత్తయ్యా, ఇద్దరికీ ఒకే జబ్బన్నారుగా. ఆయన కంచం కూడా ఇక్కడే పెట్టమంటారా?" అంది.

ఆమె కంచాన్ని వాకిట్లో పెట్టించింది నేనే. వాడి కంచం మాత్రం ఈ పొద్దు కూడా నా కంచంతో కలిపే కడిగాను.

ఇట్లు,
సువార్త అత్తగారు.