శుక్రవారం, కిటికీ పక్క బల్ల

లివోర్నో,
9 నవంబరు 1968

ప్రియమైన నేదోకు,

ఇల్వా రాస్తున్నది. ఇంటిల్లిపాదీ కులాసాగానే ఉన్నాం, మీ నాన్న మోకాలు తప్ప. సముద్రం మీద గాలి తిరిగినప్పుడల్లా దానికి ఏదో ఒకటి ఉంటుందని నీకు తెలుసు. నువ్వూ, నీ ఓడ ఇంజనూ ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. రోటర్‌డాం నుంచి నువ్వు రాసిన ఉత్తరం మంగళవారం అందింది.

నువ్వడిగినవి చెబుతాను. వంటగది కప్పు కారడం ఆగింది. మీ నాన్న తానే ఎక్కి బాగుచేస్తానంటే మీ అమ్మ నిచ్చెన దాచేసి మేస్త్రీని పిలిపించింది. నువ్వు పంపిన ఉన్ని కండువా ఆవిడకు నచ్చింది. నచ్చలేదని అందరికీ చెబుతూ రోజూ అదే చుట్టుకుంటోంది. ఇక ఆఖర్న రాశావే, "శుక్రవారం నువ్వేదో చేశావని నాన్న రాశాడు, ఏమిటది?" అని. కాగితం చిరిగేలా దానికింద రెండు గీతలు గీయక్కర్లేదు.

చేశాను. మళ్లీ చేస్తాను కూడా.

మన హోటల్లో ఇంటి ఆడవాళ్లు ముందుగదిలో కూర్చోరు. మీ నానమ్మ కూర్చోలేదు, మీ అమ్మ కూర్చోలేదు. కోడలిగా అడుగుపెట్టిన రోజే నాకూ ఆ సంగతి చెప్పారు. చివరి మనిషి మూతి తుడుచుకుని వెళ్లాక, పొయ్యి పక్కన నిలబడి, దాక అడుగున చల్లారిపోయినదాన్ని రొట్టెముక్కతో తుడుచుకు తినడం మా వంతు. పెళ్లయినప్పటి నుంచీ అలాగే తిన్నాను, ఎదురు చెప్పలేదు.

అక్టోబరులో ఫ్లోరెన్స్ నుంచి ఒక జంట వచ్చింది. మన కాచ్చుక్కో చేపల పులుసు తిన్నారు. మూతి నిండా ఎర్రటి పులుసుతో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఏం రుచమ్మా! మాకే ఇలా ఉంటే, దాక దించీ దించగానే వేడివేడిగా తినేదానివి, నీకెలా ఉంటుందో! అదృష్టవంతురాలివి" అంది. ఆక్టోపస్‌ను బండకేసి కొట్టేది నేను, చేపల ముళ్లు తీసేది నేను, పులుసు దగ్గరపడేదాకా పొయ్యి ముందు మాడేది నేను. ఒక్కసారి కూడా వేడిగా తినలేదు. "బాగుంటుందని అంటుంటారమ్మా" అన్నాను. హాస్యమాడాననుకుని ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వలేదు.

మరుసటి శుక్రవారం పులుసు దించాను. రొట్టె కాల్చి వెల్లుల్లి రుద్ది పెట్టాను. ముందుగది రేవు కూలీలతో కిటకిటలాడుతోంది. ఏప్రన్ విప్పి మేకుకు తగిలించాను. మీ పినతండ్రి కూతురి పెళ్లికి కుట్టించుకున్న నీలం గౌను తొడుక్కున్నాను. వెనక గుమ్మంలోంచి బయటికెళ్లి, సందు చుట్టి, వీధి గుమ్మంలోంచి లోపలికొచ్చాను. జనం లేని రోజు చూసుకోకూడదా అంటావు. ఖాళీ గదిలో కూర్చుంటే చూసేదెవరు? కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను.

గల్లాపెట్టె దగ్గరున్న మీ నాన్న బిత్తరపోయాడు. "ఇల్వా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది మామయ్యా. ఆకలేస్తోంది."

"మరి వంటగదిలోకి వెళ్లి..."

"వంటగదిలో వండుతారు మామయ్యా. తినేది ఇక్కడ."

పక్క బల్ల దగ్గర, రేవులో క్రేను నడిపే వాస్కో ఫోర్కు కింద పెట్టేశాడు. "ఒరేయ్, ఇవాళ సముద్రం పొంగుద్దిరోయ్! తాళ్లు బిగించుకోండి!" అని అరిచాడు. వంటగది గుమ్మంలో మీ అమ్మ, చేతిలో గరిటె. లేచి వెళ్లిపోదామనిపించింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. కానీ అప్పుడు లేస్తే ఇక జన్మలో కూర్చోలేనని తెలుసు.

"ఇవాళ ఏముంది అత్తయ్యా?" అన్నాను.

వచ్చిన ప్రతివాడికీ ఉన్నవన్నీ నోటితో ఏకరువు పెట్టే మనిషి, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. లోపలికెళ్లి పళ్లెం తెచ్చి, ఆ కుర్చీలో ఎవరూ లేనట్టు గోడకేసి చూస్తూ నా ముందు పెట్టి వెళ్లబోయింది. అదే నన్ను కోసేసింది నేదో. తిట్టినా భరించేదాన్ని. ఇక తప్పక, ఈ ఊళ్లో పుట్టిన ఏ మనిషీ నోటితో అనని మాట అన్నాను.

"అత్తయ్యా, దీనిమీద కాస్త చీజు తురిమి పెడతారా?"

ఎవరో గుండెల మీద సిలువ గీసుకున్నారు. ఇదే మాట అడిగినందుకు కదా, అప్పుడెప్పుడో పైఊరి నుంచి తినడానికొచ్చిన ఆ టోపీ పెద్దమనిషిని మీ అమ్మ సగం భోజనంలో లేపి వీధిలోకి పంపింది!

ఆవిడ గిర్రున తిరిగింది. "చీజా? చేపల పులుసు మీద చీజా? నా బొందిలో ప్రాణముండగా ఈ గడప లోపల ఆ మాట వినబడకూడదు! ఏ కొండల్లోంచి దిగొచ్చావే తల్లీ? తింటే పెట్టింది పెట్టినట్టు తిను, లేదా అదుగో వీధి! కస్టమరువైతే మాత్రం నెత్తికెక్కి కూర్చుంటావా?"

గరిటె గాల్లోనే ఆగిపోయింది. తానేమన్నదో ఆవిడకే అర్థమైంది. నిండు గదిలో, అందరి ఎదుటా నన్ను కస్టమరు అంది! వాస్కో బల్ల మీద దబదబా చరిచాడు. గదంతా ఒకటే నవ్వు.

తిన్నాను. నోరు కాలింది. ఇంత బాగుంటుందని నాకు తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, మిరపకాయ వల్ల కాదు. మీ అమ్మ కదలకుండా పక్కనే నిలబడింది. చివరికి ఎవరికీ వినబడకుండా వంగి, "వేడిగా... ఎలా ఉంటుందే?" అంది.

"కూర్చోండి, తెలుస్తుంది."

"సిగ్గులేని మొహం" అని లోపలికెళ్లిపోయింది. కానీ అడిగింది, నేదో. నలభై ఏళ్లు వండిన మనిషి అడిగింది. పోయిన శుక్రవారం మళ్లీ అక్కడే కూర్చుంటే నా ఎదుట రెండో చెంచా ఉంది. తను పెట్టలేదనే అంటోంది. ఇంకా కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి రెండు గుక్కలు తాగింది.

ఇక నీకు చెప్పని మాట. ఫ్లోరెన్స్ ఆవిడ సంగతి నిజమే, కానీ నాకు కోపం అక్కడ మొదలవలేదు. ఈ వేసవిలో సెలవుకొచ్చి, ఓడ స్నేహితులతో ఆ కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చున్నావు. మాట మధ్యలో, తలెత్తకుండా, వేళ్లు చిటికేసి "రొట్టె" అన్నావు. తెచ్చింది నేను. నువ్వు చూడను కూడా లేదు. రొట్టె పెట్టి, లోపలికెళ్లి, నిలబడి తిన్నాను. ఆ చిటిక నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా.

అందుకని విను. వసంతంలో నువ్వు వచ్చాక మొదటి శుక్రవారం, ఆ బల్ల మన ఇద్దరిదీ. వంటగది గుమ్మం గడియపెట్టి ఉంటుంది, వీధి గుమ్మంలోంచి రా. వడ్డించేదెవరని దిగులొద్దు. మీ అమ్మకు చిటిక సంగతి చెప్పాను. "వాడు మళ్లీ వేళ్లు ఆడించనీ, రొట్టె నేనే పట్టుకెళ్తా, వాడి నెత్తిన విరుస్తా" అంది.

నా ఎదుట కూర్చో, నన్ను చూస్తూ వేడిగా తిను. చీజు మాత్రం అడగకు. ఆ తెగువ ఇంటికి ఒక్కరికి చాలు.

ఇట్లు,
కూర్చునే ఈ ఉత్తరం రాసిన
నీ భార్య
ఇల్వా