మైకు గొంతు

మార్చి 3
పాపను ఇంటికి తెచ్చాం. అందరూ నా ముఖంకేసి చూస్తున్నారు, ఏదో వెలుగుతుందని. నాకేమో ఎవరో సామాను కాసేపు చూడమని ఒళ్ళో పెట్టి వెళ్ళినట్టుంది. రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్‌ని, పురుడు ముందు రోజు దాకా మైకు ముందే ఉన్నాను. సొంతదారు రాని సామాను కొత్త కాదు.

మార్చి 6
నేను ఎత్తుకుంటే ఏడుపు. అత్తయ్య చేతుల్లోకి వెళ్ళగానే చప్పుడు లేదు. ఆవిడ నన్నేమీ అనరు. అదింకా బాధ.

మార్చి 9, ఉదయం
ముద్దుగా మాట్లాడమన్నారు అత్తయ్య, అలవాటవుతుందట. బంగారూ, చిట్టితల్లీ అంటూ గొంతు సన్నం చేసి గదంతా తిప్పాను. నా గొంతు నాకే పరాయిగా ఉంది. పాప కందిపోయి గుక్కపట్టింది.
పాలు పట్టాను, డైపర్ మార్చాను, స్నానం చేయించాను. డ్యూటీలో వంక పెట్టడానికి లేదు. ప్రేమే లేదు. ఆ మాట చెప్తే, కాస్త పడుకో, తగ్గిపోతుంది అన్నారు మా ఆయన. తగ్గడానికి ఇదేమైనా జ్వరమా?

మార్చి 14
ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపిస్తోందా అని డాక్టర్ అడిగింది. లేదన్నాను. అబద్ధం.

మార్చి 15
బ్యాగ్ సర్దాను. రైళ్ళన్నీ నోటికొచ్చు, ఏది ఎక్కాలో తోచలేదు. నేను లేకపోతే పాపకు హాయి. అది మాత్రం ఖాయం.

మార్చి 17, మధ్యాహ్నం
అత్తయ్య బజారుకు వెళ్ళారు. ఆవిడ రాగానే బయల్దేరదామని బ్యాగ్ తలుపు దగ్గర పెట్టాను. పాప ఏడుస్తూనే ఉంది. స్టేషన్ నుంచి ఫోన్. నా బదులు వచ్చిన అమ్మాయి, మైకు ముందు వణుకొస్తోంది, ఆలస్యం సంగతి ఎలా చదవాలో ఒక్కసారి వినిపించండి అంది. విసుగ్గా చదివాను. "ప్రయాణికులకు విజ్ఞప్తి. రావలసిన బండి ఆలస్యంగా నడుస్తోంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."
ఏడుపు ఆగింది.
ఫోన్ పెట్టేశాను, మళ్ళీ మొదలు. మళ్ళీ చదివాను, ఆగింది. కళ్ళు తిప్పి నన్ను వెతికింది. కడుపులో ఉన్నన్నాళ్ళూ విన్నది ఈ గొంతునే కదా. చిట్టితల్లీ అంటున్న ఆవిడెవరో దానికేం తెలుసు? పిచ్చిది, ఇన్నాళ్ళూ నా కోసమే ఏడ్చింది. నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.
అత్తయ్య వచ్చి మమ్మల్ని చూశారు, బ్యాగ్ చూశారు. బట్టలు తీసి బీరువాలో పెట్టారు.

మార్చి 18
ప్రయాణికురాలికి విజ్ఞప్తి. రావలసిన అమ్మ ఆలస్యంగా నడుస్తోంది. దయచేసి ప్లాట్‌ఫారం వదిలి వెళ్ళవద్దు.