అభియోగం అంటే ఏమిటో తెలిసిన రోజు

ఒరేయ్ సాంబయ్యా,

నువ్వు కన్నుమూసి మూడేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయనందుకు ఏమనుకోకు.

పర్చూరులో నీ విత్తనాల కొట్టు మూతపడ్డాక నీ రైతులు కూడా నా దగ్గరే పత్తి విత్తనాలు కొంటున్నారు. ఈ ఏడు ఒక రకం మొలవలేదు. అప్పట్లో నీ మీద పడినట్టే నా మీదా కేసు పడింది. ఇవాళ కోర్టుకు వెళ్ళాను.

"చార్జిషీటు వేశారంటే ఇక అయిపోయినట్టేగా అండీ?" అని మా వకీలు గారిని అడిగాను.

ఆయన నవ్వాడు. "అభియోగమంటే తీర్పు కాదయ్యా. ఫలానా తప్పు చేశావంటున్నారు, నువ్వేమంటావు అని అడగడం. రుజువు చేయాల్సింది వాళ్ళు."

జడ్జి గారు అభియోగం చదివి వినిపించి, "నేరం ఒప్పుకుంటారా?" అన్నారు.

"లేదండీ, సీలుతో వచ్చిన ప్యాకెట్లే అమ్మాను" అన్నాను. రాసుకున్నారు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. రోజూ పొద్దున్నే నా కొట్టుకొచ్చి బెండ విత్తనాల ప్యాకెట్టు కొని బోణీ చేసేవాడివి. నీ మీద చార్జిషీటు పడిందని పేపర్లో చూసి, ఇక రావద్దన్నాను. "అందాకా వచ్చిందంటే ఏదో చేసే ఉంటాడు" అని టీ బంకు దగ్గర అన్నదీ నేనే. నువ్వు విన్నావు. కేసు తేలకముందే పోయావు.

నా మొహం ఎరగని జడ్జి గారు కూడా నన్నొక మాట అడిగారు. ఇరవై ఏళ్ళు పక్క కొట్లో ఉండి, నేను నిన్ను అడగలేదు.

మళ్ళీ ఎప్పుడు కలుస్తాంరా?