వెండిగిన్నె వెతకకండి

ఏమండీ,

కోడలికి ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడే అబ్బాయి రేపల్లె నుంచి ఫోన్ చేశాడు. తల్లీపిల్లా బాగున్నారట. మీరొచ్చేదాకా నేను ఆగలేను, బస్సుకి వెళ్ళిపోతున్నాను. చారు వేడి చేసుకుని, తిని వెంటనే బయల్దేరండి. గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోకండి.

గడ్డం గీసుకునే వస్తానంటారేమో, నీళ్ళకి స్టీలు గ్లాసు పెట్టాను. వెండిగిన్నె వెతకకండి, నా సంచిలో ఉంది. అది చిన్నప్పుడు నాకూ, తర్వాత మన అబ్బాయికీ ఉగ్గు పెట్టిన గిన్నె. అందులో మీరు సబ్బు నురగ కలుపుతుంటే ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. ఇవాళ విబూదితో తోమితే తళతళలాడిపోతోంది. ఇక అది పిల్లదే.

అనంతలక్ష్మి

అన్నట్టు, గిన్నె అడుగున మా అమ్మ నా పేరు కొట్టించింది. మీరెప్పుడూ తిప్పి చూసుండరు. పిల్లకి నా పేరే పెడదామని కోడలు అందట. కొత్తగా కొట్టించే పని లేదు.